మధురవాడ ఇంటి వైరింగ్ మొదలెట్టే ముందు

చి. అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మధురవాడలో రెండంతస్తుల ఇంటి పని నీకు అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. కంచరపాలెం ఐటీఐలో రెండేళ్ళు నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. కానీ ఆ సర్టిఫికెట్ ఒక్కదాన్నీ పట్టుకుని కొత్త ఇంటి పని సొంతంగా ఒప్పుకోకూడదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 నిబంధనలు ఏం చెబుతున్నాయంటే, వైరింగ్ పని లైసెన్సున్న కాంట్రాక్టరే పట్టాలి, సూపర్‌వైజర్ కాగితం ఉన్న మనిషి దగ్గరుండి చూసుకోవాలి, వైరు లాగేవాడికి పర్మిట్ ఉండాలి. ఫ్యాన్, స్విచ్, ఫ్యూజు పాతది తీసి అదే రకం కొత్తది పెట్టడానికి ఇవేవీ అడగరు. కొత్త లైను లాగితే అడుగుతారు. కాబట్టి వైర్‌మన్ పర్మిట్‌కి దరఖాస్తు పెట్టు. అది చేతికొచ్చేదాకా లైసెన్సున్న మంచి కాంట్రాక్టరు కింద చెయ్యి. ఇల్లు చూడకుండానే టెస్ట్ రిపోర్టు మీద సంతకం పెట్టిచ్చేవాళ్ళుంటారు, వాళ్ళ జోలికి పోకు. రేపు ఎవరికైనా షాక్ కొడితే అందరూ అడిగేది వైరు లాగినవాడినే.

తప్పుగా వైరింగ్ చేసినా లైటు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది. ఓనరు చూసేది అదే. నువ్వు చూడాల్సింది ఎర్త్ (లీకైన కరెంటు భూమిలోకి పోయే దారి), న్యూట్రల్ (కరెంటు తిరిగెళ్ళే వైరు).

ముందు ఎర్త్ సంగతి. 40 ఎంఎం జీఐ (జింకు పూత ఇనుప) పైపు, రెండున్నర మీటర్లు, గోడకి కనీసం మీటరున్నర దూరంలో దించు. కొండవార స్థలం కదా, కాస్త తవ్వగానే రాయి తగలొచ్చు. అలాగని పైపు కోసెయ్యకు. నిట్టనిలువు నుంచి 30 డిగ్రీలు మించకుండా ఏటవాలుగా దించుకోవచ్చు. మన విశాఖలో ఉప్పుగాలికి జీఐ క్లాంపు తొందరగా తుప్పు పడుతుంది. దానికి తోడు గుంటలో ఉప్పూ బొగ్గూ పోస్తే అవి లోహాన్ని ఇంకా త్వరగా తినేస్తాయి. ఓనరు ఖర్చుకి ఒప్పుకుంటే రాగిపూత రాడ్డు, బెంటొనైట్ (తేమ పట్టి ఉంచే బంకమట్టి) వెయ్యి. జాయింటు మాత్రం పైన చాంబర్లో కనపడేలా ఉంచు, మట్టిలో పూడ్చకు.

ఎర్త్ బాగుంటే చాలనుకోకు. లెక్క చూడు. ఎర్త్ 5 ఓమ్‌లు వచ్చిందనుకో, గీజర్ బాడీకి ఫేజ్ (కరెంటొచ్చే వైరు) తగిలితే 230ని 5తో భాగిస్తే 46 ఆంపియర్లు. 20 ఆంపియర్ల సి టైపు ఎంసీబీ (కరెంటు మితిమీరితే లైను ఆపేసే స్విచ్చు) ఠక్కున పడాలంటే 100 నుంచి 200 ఆంపియర్లు కావాలి. అంటే అది పడేదాకా గీజర్ బాడీలో కరెంటు ఉన్నట్టే. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (వెళ్ళిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ తేడా వస్తే లైను ఆపేసే స్విచ్చు) తప్పనిసరి. అది ఓవర్‌లోడ్‌కి పడదు కాబట్టి ఎంసీబీలూ ఉండాలి. ఇంకొకటి, దాని టెస్ట్ బటన్ నొక్కితే పడింది కదా అని ఎర్త్ బాగుందనుకునేవాళ్ళు చాలామంది. ఎర్త్ వైరు అసలు లేకపోయినా ఆ బటన్ పనిచేస్తుంది. ఎర్త్‌ని ఎర్త్ టెస్టర్ మీటరుతోనే విడిగా కొలవాలి.

సాకెట్లో న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకి చిన్న ముక్క లూప్ వేసేవాళ్ళున్నారు. ఎర్త్ గుంట ఖర్చు మిగులుతుంది, టెస్ట్ బల్బూ వెలుగుతుంది. బయట ఎక్కడో న్యూట్రల్ తెగిందంటే ఫ్రిజ్, గ్రైండర్ ఇంట్లో ఉన్న లోహపు బాడీలన్నిటికీ ఫేజ్ వచ్చేస్తుంది. పని మానుకున్నా సరే, అది చెయ్యకు.

వైర్ల సైజుల్లో పెద్ద మర్మం లేదు. లైట్లూ ఫ్యాన్లకి 1.5, మామూలు పవర్ సాకెట్‌కి 2.5, ఏసీకీ గీజర్‌కీ విడివిడిగా 4 చదరపు ఎంఎం రాగి వైరు. లైట్ల సర్క్యూట్‌కి పది పాయింట్లు మించకు. పైపులో సగం కూడా నిండకుండా వైర్లు లాగు, జాయింట్లు పైపు లోపల వద్దు, బాక్సులోనే. సాకెట్‌కి ఎదురుగా నిలబడితే ఫేజ్ కుడి రంధ్రానికి, న్యూట్రల్ ఎడమకి.

ఇన్వర్టర్ పెట్టే ఇల్లయితే ఆ లైను న్యూట్రల్ మొదటి నుంచీ విడిగా లాగు. చాలా ఇళ్ళలో కారణం లేకుండా ఆర్‌సీసీబీ పడిపోతోందనే ఫిర్యాదుకి మూలం ఇదే. ఒక లైను ఫేజ్ ఆర్‌సీసీబీ గుండా వెళ్ళి, దాని న్యూట్రల్ ఇంకో దారిన తిరిగొస్తుంటుంది. అప్పుడు ఓనరు చేసేపని ఆర్‌సీసీబీని పీకేసి తిన్నగా కలిపించుకోవడం.

కరెంటు ఇచ్చే ముందు మెగ్గర్ (వైరు ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టాలి. మెయిన్ ఆఫ్ చెయ్యి, బల్బులు తియ్యి, ప్లగ్గులన్నీ పీకు, ఆర్‌సీసీబీ వైర్లు విడదియ్యి, స్విచ్చులన్నీ ఆన్ చెయ్యి. ఫేజ్, న్యూట్రల్ కలిపి పట్టుకుని ఎర్త్‌కీ వాటికీ మధ్య 500 వోల్టులతో కొట్టు. ఒక మెగా ఓమ్ కన్నా తక్కువొస్తే ఆగు. ప్లాస్టరింగ్ పచ్చిగా ఉన్నా తక్కువ చూపిస్తుంది, నాలుగు రోజులాగి మళ్ళీ కొట్టు. అప్పటికీ పెరగకపోతే ఒక్కో సర్క్యూట్‌ని విప్పుతూ పో. సీలింగ్ బాక్సు దగ్గర మేకు దిగిన వైరేదో దొరుకుతుంది. కొలత కాగితం మీద రాసి డీబీ (ఎంసీబీలుండే డబ్బా) తలుపు లోపల అంటించు.

మీటరు సీలు గానీ, అటువైపు సర్వీసు వైరు గానీ ముట్టుకోకు. అది కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ వాళ్ళది, 1912కి ఫోన్ చేస్తే వస్తారు.

నా మెగ్గర్ ఖాళీగానే ఉంది. ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు. బ్యాటరీలు మాత్రం కొత్తవి తెచ్చుకో.

మీ మావయ్య