పాత గ్రామఫోన్ పత్రికల పరిశోధనతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ హిస్టరీ ఫైనలియర్. రాత్రిళ్లు నెట్‌లో వందేళ్ల నాటి అమెరికా గ్రామఫోన్ వ్యాపార పత్రికలు చదువుతూ కూర్చుంటోంది. తొలినాటి రికార్డుల చరిత్ర మీదే పరిశోధన చేస్తానంటోంది. రేపు ఉద్యోగం ఎలాగని మాకు టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చేస్తున్నది కాలక్షేపం కాదు. న్యూయార్క్‌లో 1905లో మొదలైన ‘టాకింగ్ మెషీన్ వరల్డ్’ గ్రామఫోన్లు అమ్మే షాపులవాళ్ల కోసం వచ్చిన మాసపత్రిక. ఆ నెల ఏ రికార్డులు విడుదలయ్యాయి, ఎవరికి పేటెంట్ వచ్చింది వంటివన్నీ అందులో ఉంటాయి. ఇప్పుడు పాత పుస్తకాలు, పత్రికల స్కాన్లు దొరికే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవొచ్చు. నాకు బాగా నచ్చేవి అందులోని ఎగుమతి జాబితాలు. న్యూయార్క్ రేవు నుంచి ఏ ఊరికి ఎన్ని పెట్టెలు వెళ్లాయి, వాటి విలువ ఎన్ని డాలర్లు అని సన్నటి అక్షరాల్లో వేసేవారు. వాటిలో బొంబాయి, కలకత్తా కూడా కనిపిస్తాయి.

అక్కడే ఆమెకు మంచి టాపిక్ ఉంది. లండన్‌లోని గ్రామఫోన్ కంపెనీ రికార్డింగ్ నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. ఆ రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో తయారై మన దేశానికి వచ్చాయి. 1908లో ఆ కంపెనీ కలకత్తా సియాల్దాలోనే రికార్డుల ఫ్యాక్టరీ పెట్టింది. మరి ఆ తర్వాత న్యూయార్క్ సరుకు మన రేవులకు పెరిగిందా, తగ్గిందా? ప్రశ్న ఇంత చిన్నగా ఉంటేనే పని ముందుకు సాగుతుంది. అయితే ఇంగ్లండ్, జర్మనీల నుంచి వచ్చిన సరుకు ఈ జాబితాల్లో ఉండదు. దాన్ని వేరేచోట వెతకాలి.

సెర్చ్‌లో దొరికిన ముక్కతో సరిపెట్టుకోవద్దని చెప్పండి. స్కాన్ చేసిన పేజీలోని సన్నక్షరాలను కంప్యూటర్ తరచూ తప్పుగా చదువుతుంది. కలకత్తా స్పెల్లింగులో ఒక్క అక్షరం మారినా ఆ పేజీ సెర్చ్‌లో రాదు. కాబట్టి ఓపిగ్గా పేజీ పేజీ తిప్పాల్సిందే. పైగా ఇది ప్రకటనల మీద బతికిన పత్రిక. ‘అమ్మకాలు అదిరిపోయాయి’ అని రాస్తే వెంటనే నమ్మకూడదు. రికార్డు మీద చెక్కిన మ్యాట్రిక్స్ నంబరుతో (ఆ రికార్డింగ్‌కు కంపెనీ ఇచ్చిన గుర్తింపు సంఖ్య), కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటా బార్బరా వాళ్ల రికార్డుల డేటాబేస్‌తో, ఆనాటి దినపత్రికలతో సరిచూసుకోవాలి.

ఇక ఉద్యోగం సంగతి. కేవలం రికార్డుల చరిత్ర కోసం తీసుకునే పోస్టులు చాలా తక్కువ. అందుకే ఎంఏ హిస్టరీతోపాటు లైబ్రరీ సైన్స్ తప్పనిసరిగా చేయించండి. ఆంధ్రా, ఉస్మానియా యూనివర్సిటీల్లో ఆ కోర్సు ఉంది. ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వాళ్లు ఆర్కైవ్స్ (పాత పత్రాలు, రికార్డులు భద్రపరిచే చోట్లు) నిర్వహణలో శిక్షణ ఇస్తారు. ఆ చదువు ఉంటే లైబ్రరీల్లో, ఆర్కైవ్స్‌లో, డిజిటైజేషన్ ప్రాజెక్టుల్లో ప్రయత్నించొచ్చు. పరిశోధన కూడా ఆగదు. 1982లో మొదలై ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉన్న సంగీత ఆర్కైవ్ ఏఆర్‌సీఈకి (ఆర్కైవ్స్ అండ్ రీసెర్చ్ సెంటర్ ఫర్ ఎథ్నోమ్యూజికాలజీ) ఇంటర్న్‌షిప్ కోసం రాసి చూడమనండి. వీలైతే జర్మన్ కూడా నేర్పించండి. బెర్లిన్‌లో 1900లోనే ఈ వ్యాపారానికి ఒక పత్రిక మొదలైంది. ఇంగ్లిష్ ఒక్కటే వచ్చినవాళ్లు దాని జోలికి పోలేరు.

ఈ వేసవిలో 1907 నుంచి 1910 వరకు సంచికలు తీసుకుని, బొంబాయి, కలకత్తా సరుకు వివరాలన్నీ తేదీ, పేజీ నంబర్లతో సహా ఎక్సెల్‌లో ఎక్కించమనండి. పీజీలో చేరాక గైడ్‌ను కలిసేటప్పుడు ఆ షీటు వెంట తీసుకెళ్లాలి.