కికి సినిమా చూసేసిన పిల్లకు పుస్తకం నచ్చుతుందా?

మీ తొమ్మిదేళ్ల పాపకు ‘కికీస్ డెలివరీ సర్వీస్’ యానిమేషన్ సినిమా తెగ నచ్చిందన్నారు. దానికి మూలమైన జపాన్ నవలను ఇంగ్లిష్‌లో కొనిస్తే చదువుతుందా, కథ తెలిసిపోయిందని పక్కన పడేస్తుందా అని అడిగారు. కొనేయండి. కథ తెలిసిపోయిందన్న బెంగ అక్కర్లేదు. పుస్తకంలో ఉన్నదాంట్లో చాలా భాగం సినిమాలో లేదు, మీ పాప ఊపిరి బిగబట్టి చూసిన క్లైమాక్స్, అంటే కికి స్నేహితుడు టోంబో గాల్లో ఎయిర్‌షిప్‌కు వేలాడే ఘట్టం, పుస్తకంలో లేదు. మా ఇంట్లో పేచీ వచ్చింది సరిగ్గా అక్కడే.

మా అమ్మాయి కూడా సినిమానే ముందు చూసింది. తర్వాత నేను రాత్రి పడుకోబోయే ముందు ఒక్కో అధ్యాయం ఇంగ్లిష్‌లో చదువుతూ, తనకు అందని చోట తెలుగులో చెప్పేదాన్ని. పుస్తకం మూడొంతులు అయ్యాక ఒకరోజు తనే పేజీలు ముందుకు తిప్పి చూసి, “ఎయిర్‌షిప్ ఇంకా రాలేదేంటమ్మా? టోంబో ఎప్పుడు వేలాడతాడు?” అని నిలదీసింది. అది రాదన్నాను. “మరి కికి ఎగరలేకపోయేది?” అదీ లేదన్నాను. “అయితే ఇందులో ఇంకేం జరుగుతుంది?” అంది, నేనేదో మోసం చేసినట్టు చూస్తూ.

ఏం జరుగుతుందంటే, ఒక ఏడాది జరుగుతుంది. పదమూడేళ్లు వచ్చిన మంత్రగత్తె పిల్ల పున్నమి రాత్రి ఇల్లు వదిలి, మరో మంత్రగత్తె లేని ఊరు చూసుకుని, ఏడాదిపాటు తన తిప్పలు తాను పడాలి. అది వాళ్ల ఆచారం. కికి వాళ్లమ్మకు వచ్చిన విద్యలు రెండే: ఎగరడం, తుమ్ముల మందు చేయడం. మందుకు మొక్కలు పెంచాలి, దగ్గరుండి చూసుకోవాలి. అంత ఓపిక కికికి లేదు కాబట్టి ఎగరడం ఒక్కటే నేర్చుకుంది. అందులోనూ పరధ్యానమే. ఎక్కడ వెళ్లి గుద్దుకుంటుందోనని ఊళ్లో ఎత్తయిన చెట్ల చివర్లకు గంటలు కట్టి ఉంచుతుంది వాళ్లమ్మ. కాలు తగిలి గంట మోగిందంటే కికి మళ్లీ ఏదో ఆలోచిస్తూ కిందికి దిగిపోయిందని ఊరంతటికీ తెలిసిపోతుంది. ఇది మొదట్లోనే వస్తుంది. మా అమ్మాయిని పుస్తకంలోకి లాగింది ఆ గంటలే.

ఆ తర్వాత సముద్రం పక్కన కోరికో ఊరు, ఓసోనో బేకరీ, నల్లపిల్లి జిజి, డెలివరీ పని. ఇవన్నీ సినిమాలో చూసినవే. అక్కడినుంచి మాత్రం దేని దారి దానిది. పుస్తకంలో ఒక్కో అధ్యాయం ఒక్కో డెలివరీ. రచయిత్రి ఎయికో కదోనో దీన్ని మొదట 1982లో ఒక నెలపత్రికలో సీరియల్‌గా మొదలుపెట్టారు, పుస్తకంగా 1985లో వచ్చింది. అందుకే ఏ అధ్యాయానికి ఆ అధ్యాయం పూర్తవుతుంది, రాత్రి చదివి వినిపించేవాళ్లకు ఇంతకంటే సుఖం లేదు. ఈ కథ పుట్టింది కదోనో కూతురు చిన్నప్పుడు గీసిన బొమ్మలోంచి: చీపురు మీద ఎగిరే మంత్రగత్తె, చీపురుకు వేలాడే రేడియో. ఆ రేడియో అలాగే కథలోకి వచ్చేసింది.

ఒక్క అధ్యాయం చెప్తాను, మిగతావి మీరే చదువుకోండి. కికి ఈడు అమ్మాయే ఒకతె వచ్చి, ఒక అబ్బాయికి పుట్టినరోజు కానుకా, దాంతోపాటు తను రాసిన కవితా ఇచ్చిరమ్మంటుంది. దారిలో కికికి మనసు ఆగదు. కవరు విప్పి చదువుతుంది. ఈలోగా ఆ కాగితం కాస్తా గాలికి కొట్టుకుపోతుంది. ఇక చేసేదేముంది, గుర్తున్నంతలో ఆ కవితను తనే మళ్లీ రాసి పట్టుకెళ్తుంది. కికి కవరు మీద చెయ్యి వేసే చోటికి రాగానే మా అమ్మాయి దుప్పటి మొహం మీదికి లాక్కుని, లోపల్నుంచి “తియ్యకు, తియ్యకు” అని కికికి చెప్పడం మొదలుపెట్టింది. ఎయిర్‌షిప్ సీనుకు కూడా అంత టెన్షన్ పడలేదు. ఇతరుల ఉత్తరం విప్పాలనిపించడం ఎంత మామూలు తప్పో ఆ వయసు పిల్లలకు బాగా తెలుసు. పుస్తకంలో ప్రమాదాలన్నీ ఆ సైజువే. ఒక బీచ్ అధ్యాయంలో టోంబో ఏకంగా కికి చీపురు ఎత్తుకెళ్లి విరగ్గొడతాడు. సినిమాలో మంచి కుర్రాడిగా చూసినవాడు ఈ పని చేశాడంటే మా అమ్మాయి చాలాసేపు నమ్మలేదు. కికి కొత్త చీపురు చేసుకుంటే అదేమో ఒక పట్టాన మాట వినదు.

పెద్ద తేడా డబ్బు దగ్గర ఉంది. పుస్తకంలో కికి డెలివరీకి రేటు పెట్టదు. ఎవరి దగ్గర ఏది ఉంటే అందులో కాస్త పంచుకుంటే చాలంటుంది. కడుపు చల్లబడకూడదని కనిపించిన ప్రతిదానికీ ఉన్ని పట్టీలు అల్లే ముసలావిడ ఒకావిడ వస్తుంది, భలే మనిషి. రోజూ మన గేటు ముందు డెలివరీ బాయ్స్‌ని చూసే పిల్లలకు ఇది వింతే. “మరి రేటింగ్ కూడా అడగదా?” అంది మా అమ్మాయి. ఊళ్లో ఒకరి పని ఒకరు చేసిపెట్టడం, దానికి బదులు ఏదో ఒకటి చేతిలో పెట్టడం, అలా కొత్త పిల్ల ఊరి మనిషి అయిపోవడం, అదే పుస్తకం. నన్నడిగితే పుస్తకం పిల్లలది, సినిమా ఉద్యోగానికి వచ్చిన ఆడపిల్లలది.

సినిమాలో కికి డబ్బు తీసుకుంటుంది. వానలో తడిసి ముద్దై, ఒక ముసలావిడ మనవరాలి కోసం, పొయ్యి దగ్గర తానూ ఒక చెయ్యి వేసి కాల్చిన ‘పై’ అనే వంటకాన్ని తీసుకెళ్తే, ఆ మనవరాలు తలుపు తీసి ఇది తనకు ఇష్టం లేదంటూ విసుక్కుంటుంది. ఆ తర్వాత జ్వరం, ఓసోనో తెచ్చిపెట్టే జావ. ఇది పుస్తకంలో లేదు. ఊరు వదిలి టోక్యోలో బతుకుదెరువు వెతుక్కునే అమ్మాయిల్ని దృష్టిలో పెట్టుకునే దర్శకుడు హయావో మియజాకి ఈ సినిమా చేశారు. విజయనగరం నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో జ్వరంతో పడుకున్నదాన్ని నేను, ఆ సీను దగ్గర పిల్ల చూడకుండా కళ్లు తుడుచుకున్నాను. మా అమ్మాయికి మాత్రం అక్కడ బోర్ కొట్టింది. ఇంత మార్పు కదోనోకు మొదట్లో నచ్చలేదు, మియజాకి స్వయంగా వెళ్లి మాట్లాడి ఆమెను స్టూడియోకు తీసుకెళ్లాకే పని ముందుకు సాగింది. గంట సినిమాగా అనుకున్నది 102 నిమిషాలైంది. 1989లో జపాన్‌లో అక్కడి సినిమాల్లో ఎక్కువ వసూలు చేసింది ఇదే. అడవిలో చిత్రకారిణి వేసే పెద్ద బొమ్మ ఉంది చూశారా, అది హాచినోహె ఊరి స్కూలు పిల్లలు చేసిన చెక్క అచ్చు చిత్రం ఆధారంగా వేసింది. మళ్లీ చూసినప్పుడు పాపకు చూపించండి.

జిజి సంగతి ముందే చెప్పి ఉంచండి. మీ పాప ఏ భాషలో చూసిందో రాయలేదు. జపనీస్ సినిమాలో, కికితో కబుర్లాడే జిజి మధ్యలో మాట్లాడటం ఆపేస్తే ఆపేసినట్టే, చివరిదాకా మళ్లీ మాట్లాడదు. 1998 నాటి డిస్నీ ఇంగ్లిష్ డబ్బింగ్‌లో జిజికి బోలెడు జోకులు పెట్టి, చివర్లో మాట మళ్లీ వచ్చినట్టు ఒక డైలాగ్ కూడా కలిపారు. నాకది అస్సలు నచ్చదు. పిల్లలు బాధపడతారని సర్దేశారు గానీ, పిల్లలు ఆ బాధను మోయగలరు. పుస్తకంలో ఈ గొడవే లేదు, జిజి హాయిగా వాగుతూనే ఉంటుంది. మంత్రగత్తెకు ఆడపిల్ల పుడితే అదే సమయంలో పుట్టిన నల్లపిల్లిని వెతికి ఇద్దర్నీ కలిపి పెంచుతారని, అలా వాళ్ల మధ్య ఒక భాష ఏర్పడుతుందని కదోనో చెప్తారు. సినిమాలో పోయింది ఏమిటో అది చదివాకే మా అమ్మాయికి సరిగ్గా అర్థమైంది, జపనీస్ ఆడియోలో మళ్లీ పెట్టమంది.

మిగతా రూపాల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. జపాన్‌లో 1993లో యుకియో నినగావా దీన్ని మ్యూజికల్‌గా వేశారు, 2016లో లండన్‌లో నాటకంగా ఆడింది. మనం చూసేవి కావు. 2014లో మనుషులతో తీసిన సినిమా వచ్చింది. దర్శకుడు తకాషి షిమిజు, ‘జు-ఆన్’ దెయ్యం సినిమాలు తీసినాయనే! భయపెట్టలేదు లెండి. కథ పుస్తకానికి కాస్త దగ్గరగానే ఉంటుంది గానీ, గ్రాఫిక్స్ చూస్తే మా అమ్మాయికి నవ్వొచ్చింది. షూటింగ్ జరిగిన షోదోషిమా దీవిలో బేకరీ సెట్టు ఇప్పటికీ దుకాణంగా ఉంది, అక్కడి ఆలివ్ పార్కులో చీపుర్లు అరువిస్తే జనం గెంతుతూ ఫొటోలు దిగుతారు. ఆ ఫొటోలు మాత్రం పాపకు చూపించండి, సినిమా కంటే అవే బాగున్నాయి.

కొనేటప్పుడు 2020లో వచ్చిన ఎమిలీ బాలిస్ట్రియెరి అనువాదం అడగండి, వాక్యాలు తేలిగ్గా ఉంటాయి. తొమ్మిదేళ్లకు తనంతట తాను చదవడం కొంచెం కష్టమే. మొదటి రెండు అధ్యాయాలు మీరు చదివి వినిపించండి, కోరికో చేరాక పుస్తకం తన చేతికిచ్చేయండి. ఎయిర్‌షిప్ రాదని మాత్రం మొదటి రోజే చెప్పేయండి, లేకపోతే దానికోసం ఎదురుచూస్తూ మిగతావన్నీ దాటేస్తుంది. జపనీస్‌లో అసలు కథ 2009 వరకూ ఆరు సంపుటాలుగా సాగింది, చివరికి కికి ఇద్దరు కవలల తల్లి అవుతుంది. ఈ సంగతి మాత్రం అప్పుడే చెప్పకండి. నేను చెప్పినందుకు, కికి పెళ్లి చేసుకుంది ఎవర్నో కూడా చెప్పేదాకా మా ఇంట్లో దీపం ఆర్పనివ్వలేదు.