విదేశీ వాటా ఉన్న ఫ్యాక్టరీలో చేరుతున్న మా అల్లుడికి

అల్లుడూ,

సిమెంట్ ఫ్యాక్టరీలో ఎనర్జీ విభాగంలో ఉద్యోగం అన్నావు, చాలా సంతోషం. కానీ ఫోన్ పెట్టేసే ముందు ఒక మాటన్నావు చూడు, "ఫారిన్ కంపెనీ వాటా కొన్నది కదా మామయ్యా, వాళ్ల టెక్నాలజీ వస్తే కరెంటు ఖర్చు దానంతటదే తగ్గుతుంది" అని, అక్కడ నాకు టెన్షన్ పట్టుకుంది. దానంతటదే ఏదీ తగ్గదురా. ముప్పై ఏళ్లు కిల్న్ పక్కన, అంటే రాయిపొడిని కాల్చే ఆ పెద్ద కొలిమి పక్కన బతికినవాణ్ణి, చెప్తాను విను.

బయటి నుంచి ఏమీ రాలేదని నేననను. ఒకప్పుడు మన ప్లాంట్లలో ఎక్కువ భాగం తడి పద్ధతివే. రాయిపొడిని నీళ్లతో బురదలా కలిపి కిల్న్‌లో పోసేవాళ్లు, ఆ నీళ్లు ఆవిరి చెయ్యడానికే బోలెడు బొగ్గు కాలేది. కిలో క్లింకర్‌కి, అంటే సిమెంట్‌గా నూరే ముందు కిల్న్‌లోంచి వచ్చే గడ్డలకి, 1300 కిలోకేలరీలు దాటేది. ఇప్పుడు నీళ్లు కలపకుండా, కిల్న్ వేడిగాలితోనే పొడిని ముందుగా వేడిచేసే ఆరంచెల ప్రీహీటర్ ఉన్న పొడి ప్లాంట్లో 700 చుట్టూ అవుతుంది. ఆ డిజైన్లు యూరప్, జపాన్ నుంచి వచ్చినవే. కానీ అవి ఎక్కువగా ఎప్పుడు వచ్చాయో చూడు. 1982లో ధరల కంట్రోల్ సడలించి 1989లో పూర్తిగా ఎత్తేశాక. అంతకుముందు ధర సర్కారే నిర్ణయించేది కాబట్టి బొగ్గు మిగిల్చినవాడికి ఒరిగేదేమీ ఉండేది కాదు. పోటీ వచ్చాకే అందరికీ మంచి మిషన్ కావాల్సొచ్చింది. కడప జిల్లాకే చూడు, ఎర్రగుంట్లకి ఇటలీ వాళ్లు 2001లో, నల్లలింగాయపల్లికి ఫ్రాన్స్ వాళ్లు 2010లో వాటా కొనుక్కుని వచ్చారు. అప్పటికే మన సిమెంట్ చాలావరకు పొడి పద్ధతికి మారిపోయింది. మిషన్ ముందొచ్చింది, వాటా తర్వాతొచ్చింది.

ఇంకో సంగతి. ప్రీహీటర్ నుంచీ, క్లింకర్‌ని చల్లార్చే కూలర్ నుంచీ వృథాగా పోయే వేడిగాలితో కరెంటు తీసే ప్లాంట్లున్నాయి కదా, జపాన్ సర్కారు సంస్థ నెడో 1998లో చైనాలోని నింగ్‌గువో సిమెంట్ ప్లాంట్లో అలాంటిదొకటి పెట్టించింది. ఆ తర్వాత మన నల్లగొండ జిల్లా విష్ణుపురంలోనూ నెడో సాయంతోనే ఒకటి వచ్చింది. చైనా వాళ్లు దాన్ని చూసి ఊరుకోలేదు, 2006లో ఆ మిషన్లు ఇచ్చిన జపాన్ కంపెనీతోనే కలిసి సొంత గడ్డమీద తయారీ మొదలుపెట్టారు. తర్వాత మన ఫ్యాక్టరీలు అవే సెట్లు చైనా నుంచి కొనుక్కున్నాయి. సాయం ఇద్దరికీ అందింది, పని వాళ్లు నేర్చుకున్నారు. ఇది గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

మా ప్లాంట్ కథ కూడా అంతే, పేరెందుకులే. పెద్ద ఫ్యాన్‌కి వేగం తగ్గించే విదేశీ డ్రైవ్ బిగించారు. ఫ్యాన్ వేగం అయిదో వంతు తగ్గిస్తే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది, నువ్వు చదువుకునే ఉంటావు. బిల్లు చూసి మా మేనేజర్ స్వీట్లు పంచాడు. ఏడాది తిరగ్గానే లోపల ఒక కార్డు పోయింది. బిగించినవాళ్లు వెళ్లిపోయారు, కార్డు ఇక్కడ దొరకదు, మాలో ఒక్కడికీ దాన్ని విప్పడం తెలీదు. ఫ్యాన్‌ని డైరెక్టు లైనుకి కలిపేసి, గాలి దారికి అడ్డంగా ఉండే డ్యాంపర్ రేకు మూసి గాలి తగ్గించుకుంటూ ఏడు నెలలు నడిపాం. బిల్లు మళ్లీ పాత చోటుకే వచ్చింది.

అందుకని చేరిన మొదటి నెల కొత్త మిషన్ల జోలికి పోకు. ముందు ఏ ఫ్యాన్, ఏ మిల్లు, ఏ కంప్రెసర్ ఎన్ని యూనిట్లు తింటుందో సెక్షన్లవారీగా మీటర్లు పెట్టించి రాసుకో. అది లేకపోతే రేపు విదేశీ ఇంజనీరు "ఇంత మిగిల్చాం" అన్నప్పుడు నువ్వు తల ఊపడమే. ప్రీహీటర్ తలుపుల సందుల్లోంచి లోపలికి దూరే బయటి చల్లగాలి సంగతి చూడు, దానికి డాలర్లక్కర్లేదు, తాడూ సీలూ ఉంటే చాలు. కాంట్రాక్టు నీ చేతిదాకా వస్తే, గ్యారంటీ అంకెలు మన బొగ్గుకీ మన సున్నపురాయికీ రాశారా, వాళ్ల దేశపు బొగ్గుకి రాశారా అని అడుగు. మన బొగ్గులో బూడిద ఎక్కువ, లెక్క తేడా వస్తుంది. మిషన్ బిగించి నడిపించి అప్పగించడానికి (కమిషనింగ్‌కి) వచ్చినవాళ్లు ఉన్నన్నాళ్లూ మన ఎలక్ట్రీషియన్లు ఇద్దరు వాళ్ల పక్కనే ఉండాలి, టీ అందించడానికి కాదు, విప్పి బిగించడానికి. స్పేర్లు కూడా అప్పుడే కొనిపించు.

ఎవరైనా విదేశంలో మూసేసిన ప్లాంట్ మిల్లు చవగ్గా వస్తోందని ఊరిస్తారు, లొంగకు. పాత ఫ్రిజ్‌లు దిగుమతి అయ్యి కరెంటు తాగేస్తున్నాయని ఘానా వాళ్లు 2013 నుంచి వాటిని రానివ్వడమే మానేశారు. మిల్లయినా అంతే, కొన్న ధర ఒక్కసారి, కరెంటు బిల్లు ప్రతి నెలా.

కేంద్ర సర్కారు కరెంటు పొదుపు సంస్థ బీఈఈ వాళ్ల ఎనర్జీ మేనేజర్ పరీక్ష మాత్రం రాసెయ్యి. పుస్తకాలు నా దగ్గరున్నాయి, మీ అత్త అటక మీద పడేసింది. పాతవే, చట్టాల భాగం వదిలెయ్, ఫ్యాన్ల లెక్కలు మాత్రం ఏమీ మారలేదు. ఆదివారం వస్తే దించి ఇస్తాను.

మీ మామయ్య