వాడు ఏడవను కూడా లేదు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. తెలంగాణలో ఓ పల్లె ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్ని). ఒకటి నుంచి అయిదు దాకా 26 మంది పిల్లలు, టీచర్ని నేనొక్కదాన్నే. హాజరు యాప్, మధ్యాహ్న భోజనం లెక్కలు, వాట్సాప్‌లో అడిగే వివరాలతోనే పొద్దు గడిచిపోతోంది. పోయిన వారం రెండో తరగతి బాబు పలక కింద పడేస్తే చెంప మీద కొట్టాను. వాడు ఏడవను కూడా లేదు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఇంట్లో మా బాబు మీదా అరుస్తున్నాను. మా ఆయనేమో 'సర్కారు కొలువు, నాలుగింటికల్లా బడి అయిపోతుంది, నీకేం కష్టం' అంటారు. ఉద్యోగం మానేయాలా?

జవాబు: అమ్మా, ముందు ఆ బాబు సంగతి. 'ఏడవను కూడా లేదు' అన్న దగ్గర నేను ఆగిపోయాను. దెబ్బలు ఇంట్లో అలవాటై ఉండొచ్చు. లేదా మీరు కొడతారని కలలో కూడా అనుకోక బిత్తరపోయి ఉండొచ్చు. రెండోదే అయితే వాడికి మీ మీద ఎంత నమ్మకమో చూడండి. పిల్లల్ని కొట్టకూడదని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. రేపు ప్రార్థనకు ముందే వాడి పక్కన కూర్చుని 'నిన్ను కొట్టడం నా తప్పు నాన్నా, ఇంక కొట్టను' అనండి. 'నువ్వు పలక పడేశావు కదా' అని మాత్రం కలపకండి. కొట్టింది అందరి ముందే కాబట్టి ఈ మాటా అందరూ వినాలి. వాళ్లమ్మకు కూడా మీరే చెప్పండి.

ఇక పని భారం. మీకు చేతకాక ఇలా అవుతోందనుకోవద్దు. ఒకటో తరగతి అక్షరాలు దిద్దుతుంటే అయిదో తరగతికి భాగహారం చెప్పాలి, ఆ మధ్యలో గుడ్లు లెక్కపెట్టాలి, బియ్యం రాయాలి. 2009 నాటి ఆ చట్టమే 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలంటుంది. కాబట్టి రెండో టీచరు కోసం, కనీసం వర్క్ అడ్జస్ట్‌మెంట్ మీద, అంటే వేరే బడి నుంచి తాత్కాలికంగా, ఒకరిని పంపమని ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి కాగితం మీద రాసి ఇవ్వండి, నకలు దాచుకోండి. నోటిమాట ఎవరికీ గుర్తుండదు. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సాయం తప్ప వేరే పనులకు టీచర్లను పంపకూడదని 27వ సెక్షన్‌లో ఉంది గానీ, మీ లెక్కలన్నీ బడి పనుల కిందికే వస్తాయి. దాన్ని పట్టుకుని వాదించినా లాభం ఉండదు. దానికంటే, హాజరు వేశాక ఫోను బ్యాగులో పెట్టేసి, వివరాలు భోజనాలయ్యాకే పంపుతానని చుట్టుపక్కల బడులను చూసుకునే కాంప్లెక్స్ హెచ్ఎం గారితో ముందే మాట్లాడుకోండి.

మీ ఆయన మాట నొప్పించేదే. కానీ మీ బడి గురించి ఆయనకు తెలిసిందెంత? ఇంట్లో వినపడేది యాప్ గొడవే అయి ఉంటుంది. మీ ఉత్తరం చివర ఒక వాక్యం రాసి కొట్టేశారు, అయినా చదవగలిగాను: 'ఒకటో తరగతి పాప నిన్న బస్సు మీద మా ఊరి పేరు చదివి పరుగెత్తుకొచ్చింది.' ఎందుకు కొట్టేశారమ్మా? ఉత్తరం మొత్తంలో మీరు మీలా ఉన్నది అక్కడే. ఆ ముచ్చట ఇంట్లో చెప్పారా? ఆయనకు సెలవైన ఒక శనివారం బడికి తీసుకెళ్లండి, ఒక్క పూట ఆ గదిలో కూర్చోనివ్వండి.

ఇంటికి రాగానే ఓ అరగంట నన్ను వదిలేయండని చెప్పి, టీ తాగి, అప్పుడు మీ బాబు దగ్గరికి వెళ్లండి. బడిలో మింగిన కోపం వాడి వాటాకు రాకూడదు.

ఉద్యోగం మానడం గురించి ఇప్పుడు తేల్చుకోకండి, నిద్ర లేనప్పుడు అసలే వద్దు. ఇంకో వారం పది రోజులు ఇలాగే ఉంటే డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసినా సరే, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆ బాబు ఏమన్నాడో నాకు రాయండి.