ఏ నీరో తెలుసుకుని నడువు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

కేశవదాసుపాలెం వైపు స్కూల్లో చేరావని, ఇల్లు కూడా దొరికిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొద్దుటి పూట చెరువుల వెంట, సెలవు రోజుల్లో ఉప్పుటేటి గట్ల వెంట నడవాలని అనుకుంటున్నావట. మీ అమ్మ టెన్షన్ పడుతోంది కానీ నాకు మాత్రం చాలా సంతోషంగా ఉంది. ఉద్యోగమంతా మురుగుకాలవల గట్ల మీదే చేసినవాణ్ణి. ఆ నేల గురించి నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాను?

అక్కడ కంటికి అన్నీ నీళ్లలాగే కనిపిస్తాయి తల్లీ, కానీ అన్నీ ఒకటి కావు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ ధవళేశ్వరం నుంచి కాలవల్లో మంచినీరు వస్తోంది. చేలు తడిపాక మిగిలింది మురుగుకాలవల్లోకి దిగి సముద్రం దారి పడుతుంది. అటు గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది మొగలోంచి, చిన్న చిన్న ఏటి మొగల్లోంచి రోజుకి రెండుసార్లు పోటుతో ఉప్పునీరు ఎక్కుతుంది. ఈ రెండూ ఎక్కడ కలుస్తాయన్నది కాలాన్ని బట్టి మారుతుంది. గోదావరి వరదలో ఉన్న శ్రావణ భాద్రపదాల్లో మొగ దగ్గర కూడా నీళ్లు చప్పగా ఉంటాయి. ఎండాకాలంలో ఉప్పు చాలా పైకి వస్తుంది. ఒక నీటి ఒడ్డున నిలబడ్డప్పుడు ముందు ఇది ఏ నీరు, ఎవరి నీరు అని తెలుసుకో. ఎక్కడ అడుగు వెయ్యాలో, ఎప్పుడు వెనక్కి రావాలో దాన్ని బట్టే ఉంటుంది.

మొదట్లో ఊరి మంచినీళ్ల చెరువు చుట్టూ తిరుగు. వేసవిలో కాలవలు కట్టేశాక మళ్లీ వదిలేదాకా ఊరు తాగేది అందులో నింపుకున్న నీళ్లే. రేవు మెట్ల మీద చెప్పులతో దిగకు, కాళ్లు కడగకు. ఊరి బయట తామరాకులు, జమ్ము ఉన్న పాత చెరువులు ఇంకా కొన్ని ఉన్నాయి. గుర్రపుడెక్క కమ్మేసిన చెరువైనా సరే, తొందరపడి వెళ్లిపోకు. నీలిరంగు ఒళ్లు, ఎర్ర ముక్కు ఉన్న నీటికోళ్లు దాని మీదే నడుస్తుంటాయి. గట్టున గుడ్డికొంగ ఒకటి కదలకుండా ఉంటుంది, అది ఎగిరి తెల్ల రెక్కలు విప్పితే గానీ ఉన్నట్టే తెలియదు.

ఊరు దాటగానే రొయ్యల చెరువులు వస్తాయి. ఇక్కడ మాత్రం అడగకుండా గట్టెక్కకు. వనామీ రొయ్య వేసిన రైతు ప్రాణమంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. తెల్లమచ్చ వైరస్ తగిలితే వారం పది రోజుల్లో పంట పోతుంది. పీతల ద్వారా, తడి వలల ద్వారా, ఒక చెరువులో వాడిన సామాను ఇంకో చెరువులో వాడటం ద్వారా అది పాకుతుంది. చుట్టూ పీతలు దూరకుండా కట్టిన వల, పైన పక్షులు వాలకుండా లాగిన తాళ్లు అందుకే. నీళ్లు ముట్టుకోకు. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లకి వెళ్లే కరెంటు వైర్లు గట్టు మీద గడ్డిలో పడి ఉంటాయి, తడిగా ఉన్న రోజు అటు వెళ్లనే వద్దు. కాపలా ఆయన్ని "బాబాయ్ గారూ, ఇలా వెళ్లొచ్చా?" అని అడుగు. స్కూలు టీచరమ్మవని తెలిస్తే ఆయనే కుక్కని పట్టుకుని దారి చూపిస్తాడు. కాదంటే కోపం తెచ్చుకోకుండా రోడ్డు మీంచి వెళ్లు.

ఇక నువ్వు అసలు చూడాలనుకునే ఉప్పుటేరు, పర్ర. పర్ర అంటే పోటుకి మునిగి, నీరు దిగాక తేలే బురద నేల. ఇక్కడ గడియారం కంటే తిథి ముఖ్యం. అమావాస్య, పున్నమి వెళ్లిన ఒకటి రెండు రోజులు పోటు పెద్దది, అష్టమి నవములకి మందం. పోటు రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్న ఆరింటికి ఆరిపోయి ఉన్న దారి ఇవాళ ఆరింటికి ఇంకా తడిగా ఉండొచ్చు. ఇంకో సంగతి, సముద్రంలో నీరు దిగడం మొదలైనా ఏటి లోపల కాసేపు ఎక్కుతూనే ఉంటుంది. బీచ్ చూసి పర్ర గురించి లెక్క వేసుకోకు. వల వేసుకునేవాళ్లని అడుగు, వాళ్ల మాటే నమ్ము. వెళ్లేటప్పుడు నువ్వు దాటిన ప్రతి పిల్లకాలవనీ గుర్తు పెట్టుకో. ముందు నిండేది నీ ఎదురుగా ఉన్న ఏరు కాదు, నీ వెనక ఉన్న ఆ పిల్లకాలవే.

బురద సంగతి. గడ్డి ఉన్న చోట, ఇసుక చాళ్లు చాళ్లుగా ఉన్న చోట నేల గట్టిది. నున్నగా మెరుస్తుంటే కాలు పెట్టకు. ఎండాకాలం పైన తెల్లగా ఉప్పు పొర కట్టి ఎండినట్టు కనిపిస్తుంది, కింద మెత్తగా ఉంటుంది. చేతిలో కర్ర ఉండాలి, ముందు దానితో పొడిచి చూశాకే నువ్వు అడుగు వెయ్యి. మోకాలి దాకా కూరుకుపోతే నిటారుగా లాగకు, వెనక్కి కూర్చుని ఒళ్లు బరువు పరిచి, కాలు అటూ ఇటూ ఆడిస్తూ మెల్లగా తియ్యి. చెప్పులు బురదలో ఉండిపోతాయి. తాళ్లు కట్టే పాత బూట్లు వేసుకో. ఉప్పునీటి బురదలో పెరిగే మడచెట్ల వేళ్లకి, పాత గుంజలకి ఆలుచిప్పలు అంటుకుని కత్తుల్లా ఉంటాయి. గీసుకుంటే మంచినీళ్లతో కడిగి అదే రోజు డాక్టర్‌కి చూపించు, ఉప్పునీటి గాయం త్వరగా చీము పడుతుంది. ఆ మడల్లోనే ఉండే తిల్ల చెట్టు కొమ్మ విరవకు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

ఇదంతా చెప్పి భయపెట్టాననుకోకు. పోటు సగం దిగాక గట్టున ఒకచోట ఐదు నిమిషాలు కదలకుండా కూర్చో. ఖాళీ అనుకున్న బురదంతా బొరియల్లోంచి లేచి వస్తుంది. ఒక డెక్క మాత్రమే ఒంటికి మించి ఉండే చిన్న పీతలు ఉంటాయి, అవి మగవి. ఆ డెక్క పైకెత్తి ఆడపీతల్ని పిలుస్తుంటాయి. రొమ్ము రెక్కల మీద పాకుతూ గెంతే చేపలు కనిపిస్తాయి. మడచెట్ల చుట్టూ మేకుల్లా పైకి పొడుచుకొచ్చినవి ఊపిరి వేళ్లు, బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వాటితో గాలి తీసుకుంటుంది. వాటి మీద నడవకు.

పక్షుల కోసమైతే కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. చలికాలానికి వలస వచ్చే ఉల్లంకి పిట్టలు ఆటులో, అంటే నీరు దిగినప్పుడు, దూరంగా బురదంతా చెదిరి మేస్తాయి, నీకు చుక్కల్లా తప్ప కనిపించవు. పోటు పూర్తయ్యే గంట, రెండు గంటల ముందు వెళ్లి ఎత్తైన గట్టు మీద ఉండు. నీరే వాటిని నీ వైపు తోసుకొస్తుంది. అక్కడ సముద్రం దక్షిణాన కాబట్టి పొద్దున్న పడమటికి నడిస్తే ఎండ నీ వీపున ఉంటుంది. గుంపు ఒడ్డున సేద తీరుతుంటే ఫోటో కోసం లేపకు, చాలా దూరం ఎగిరొచ్చిన ప్రాణాలవి. జనవరి నుంచి మార్చి దాకా రాత్రుళ్లు ఇసుక మీద తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో బీచ్‌లో టార్చి వెయ్యకు.

ఒకసారి శంకరగుప్తం డ్రెయిన్ అనే మురుగుకాలవ గట్టున కూడా నడువు. ఉప్పునీరు వెనక్కి ఎక్కి కొబ్బరి చెట్లు మొవ్వు వాడి మొండాలుగా నిలబడ్డాయి. పర్ర అందం చూసిన కళ్లతో అదీ చూడాలి. నీళ్లు ఎటు పారుతున్నాయో ఎవరూ పట్టించుకోని చోట రైతు ఇల్లు ఎలా కుంగుతుందో మీ పిల్లలకి నువ్వు చెప్పగలగాలి. మడచెట్లు కొట్టేస్తే తుపానులో ఏమవుతుందో కూడా చెప్పు. 1996 నవంబరు 6 తుపాను చూసిన తాతలూ బామ్మలూ ఆ పిల్లల ఇళ్లలోనే ఉన్నారు, వాళ్లని అడిగి రాసుకు రమ్మను.

అల్పపీడనం అని వార్త వస్తే ఆ రోజు ఇంట్లోనే ఉండు. ఒంటరిగా వెళ్లేటప్పుడు ఏ గట్టు మీదకి వెళ్తున్నావో, ఎన్నింటికి వస్తావో ఇంటివాళ్లకి చెప్పు. అక్కడ సిగ్నల్ పోతుంటుంది. నీళ్ల సీసా, చిన్న తువ్వాలు, కర్ర. ఇంతకంటే మోసుకెళ్లకు.

వచ్చే అష్టమికి మొదటిసారి పర్ర వైపు వెళ్లు. ఏ పక్షి కనిపించిందన్నది తర్వాత. ముందు నీళ్లు ఎటు పారుతున్నాయో, ఏ రంగులో ఉన్నాయో, గట్టు మీద తడి గీత ఎంత ఎత్తున ఉందో చూసి నాకు రాయి. సంక్రాంతికి వస్తాను, మొగ దాకా కలిసి నడుద్దాం. మీ అమ్మతో నేను మాట్లాడతాలే.

ఆశీస్సులతో,
మావయ్య