మోకాలి కింద ఎముక విరిగితే వాపు తగ్గేదాకా ఆపరేషన్ ఆపవచ్చా?

మీ నాన్నగారికి మోకాలి కిందే ఎముక విరిగిందనీ, డాక్టర్లు వాపు తగ్గాక ప్లేటు వేస్తామంటున్నారనీ, బంధువులేమో పుత్తూరు కట్టుకు తీసుకెళ్లమంటున్నారనీ రాశారు. గాజువాక దగ్గర బండి జారి నాకూ ఇదే దెబ్బ తగిలింది. దయచేసి ఆసుపత్రిలోనే ఉంచండి.

అక్కడ ఎముక మీద కండ తక్కువ. ఉబ్బిన చర్మాన్ని కోస్తే గాయం మూసుకోక చీము పట్టే ప్రమాదం ఉంది. మా సర్జన్ రోజూ వచ్చి చర్మాన్ని వేళ్లతో నెమ్మదిగా దగ్గరకు నెట్టి చూసేవారు. సన్నటి ముడతలు పడ్డాకే థియేటరుకు తీసుకెళ్లారు. వారం, పది రోజులు ఆగడం మామూలే. అయితే ఈలోగా మందులు వేసినా నొప్పి పెరుగుతూ, పిక్క రాయిలా బిగిసి, కాలివేళ్లను కదిలిస్తే ప్రాణం పోతున్నట్టుంటే అర్ధరాత్రయినా వెంటనే డాక్టరును పిలవండి. లోపల ఒత్తిడి పెరిగి కండరాలు చచ్చిపోవచ్చు, గంటల్లోనే ఆపరేషన్ అవసరమవుతుంది.

ఇక కట్టు సంగతి. సీటీ స్కాన్‌లో నాకు కీలు ఉపరితలం లోపలికి కుంగినట్టు తేలింది. దాన్ని కింది నుంచి పైకి లేపి, ఖాళీలో తుంటి నుంచి తీసిన ఎముక నింపి, ప్లేటు, స్క్రూలు బిగించారు. పైనుంచి ఎంత గట్టిగా కట్టినా కుంగిన భాగం లేవదు. అలాగే వదిలేస్తే కీలు త్వరగా అరిగిపోతుంది. నాన్నగారి స్కాన్‌లో కీలు కుంగిందో లేదో ముందు అడగండి.

డబ్బు గురించి బెంగపడకండి. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో, ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే వైద్యమిత్రను అడగండి. విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లోనూ ఎముకల విభాగం ఉంది.

అసలు కష్టం ఆపరేషన్ తర్వాతే. సాధారణంగా 6 నుంచి 12 వారాలు ఆ కాలిపై బరువు మోపనివ్వరు. కానీ మోకాలు వంచడం డాక్టరు సరేనన్న రోజే మొదలుపెట్టాలి, లేకపోతే బిగుసుకుపోతుంది. మంచం అంచున కూర్చుని, బాగున్న కాలిని ముందు నుంచి ఆనించి రెండో కాలిని వెనక్కి నెట్టేవాణ్ణి. కళ్లలో నీళ్లు తిరిగేవి, అయినా మానలేదు. నాన్నగారి పక్కన రోజూ ఎవరో ఒకరు కూర్చుని చేయించండి. మీ ఇల్లు కొండవాలులోనో మేడ మీదో ఉంటే కొన్నాళ్లు కింది వాటాలోకి మారండి. ఎక్స్‌రే చూసి నడవమన్నాక, తెల్లవారుజామున వాహనాలు ఆపేసే బీచ్ రోడ్డు మంచిది. ఇసుకలోకి మాత్రం అప్పుడే దిగనివ్వకండి.

ఆయనకు సిగరెట్ అలవాటుంటే ఈరోజే మాన్పించండి, ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుంది.