ఫోన్ ఎవరిది, పిన్ను ఎవరిది?

అడగండి, చెబుతా: అనంతపురం నుంచి రిటైర్డ్ కామర్స్ లెక్చరర్ జవాబులు

ప్రశ్న: మేడమ్‌కు నమస్తే. నేను కడపలో ఎంబీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా టౌన్లో జనం డిజిటల్ చెల్లింపులకు ఎంతవరకు అలవాటుపడ్డారన్నది నా ప్రాజెక్టు. గూగుల్ ఫారం తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో పెడితే రెండు వందలకు పైగా జవాబులు వచ్చాయి. దాదాపు అందరూ అన్ని ప్రశ్నలకూ 'పూర్తిగా అంగీకరిస్తాను' అనే నొక్కారు. గైడ్ సార్ "టామ్ మోడల్ పెట్టి రాసెయ్" అంటున్నారు. నాకే ఎక్కడో తేడా కొడుతోంది. ఏం చేయమంటారు?
— ఒక విద్యార్థిని, కడప

జవాబు: తేడా కొట్టిందన్నావు చూడు, అది మంచి లక్షణం తల్లీ. వాట్సాప్‌లో లింకు తెరిచి, ఫారం నింపి, సబ్మిట్ నొక్కడం వచ్చినవాళ్లనే పట్టుకుని "మీకు ఫోన్ వాడటం సులువేనా?" అని అడిగావు. కాదని ఎవరంటారు? కాదనేవాళ్ల దాకా నీ లింకు పోనేలేదు. రెండు వందలు కాదు, రెండు వేల ఫారాలు వచ్చినా ఈ లోపం పోదు.

ఇక టామ్ సంగతి. టెక్నాలజీ యాక్సెప్టెన్స్ మోడల్ అని దాని పూర్తి పేరు. 1989లో ఫ్రెడ్ డేవిస్ అనే అమెరికా పరిశోధకుడు ప్రచురించిన నమూనా అది. జనం కొత్త సాంకేతికతను వాడతారా లేదా అన్నది ముఖ్యంగా రెండిటి మీద ఆధారపడుతుందన్నాడు: ఇది నాకు పనికొస్తుందా, ఇది వాడటం సులువేనా. రెండిట్లో పనికొస్తుందా అన్నదే ఎక్కువ బలమైనదని తేల్చాడు. అది నిజమే అనిపిస్తుంది. పనికొచ్చేదైతే కష్టమైనా నేర్చుకుంటాం, పనికిరానిది ఎంత సులువైతే మాత్రం ఎవరికి కావాలి?

అయితే ఆయన ఎవరిని అడిగి ఈ మాట చెప్పాడో చూడు. ఈమెయిలు, ఫైల్ ఎడిటర్, గ్రాఫిక్స్ ప్రోగ్రాములు వాడిన 152 మందిని. అందరూ ఆఫీసు ఉద్యోగులో ఎంబీఏ విద్యార్థులో. ఎవరు వాడితే జవాబు వాళ్లదే, లాభం కూడా వాళ్లదే. ఆ లెక్కను తెచ్చి మన బజార్లో పెడితే ఏమవుతుందో చెబుతా.

అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర నేను పూలు కొనే ఆమె ఉంది. బుట్ట పక్కనే అట్టముక్కకు అంటించిన స్కానర్. అది కొడుకు పేరు మీద ఉంది, కొడుకేమో బెంగళూరులో పని చేస్తున్నాడు. ఆమె దగ్గరున్నది బటన్ ఫోను. నేను రెండు మూరలు తీసుకుని ఫోన్‌పే కొడితే ఆ డబ్బు వచ్చినట్టు మెసేజీ బెంగళూరుకు పోతుంది. ఆమె నా ఫోన్ మీదికి వంగి పచ్చ టిక్కు చూసుకుంటుంది, అంతే. చదవడం రాదు. ముఖం తెలియని మనిషైతే పక్క బండి అరటిపండ్ల అబ్బాయిని పిలిచి చూపించుకుంటుంది. మధ్యాహ్నం దాటేసరికి చేతిలో నోట్లు తగ్గిపోతాయి. తెల్లారుజామున పూలమండీలో నోటే ఇవ్వాలి, సాయంత్రం రోజువారీ వడ్డీవాడికీ నోటే కావాలి, ఇంటికి పోయేటప్పుడు ఆటో బాడుగ సరేసరి. అందుకే నాలాంటి తెలిసినవాళ్లు కనిపిస్తే "దుడ్లే ఇయ్యమ్మా" అంటుంది. మరి స్కానర్ ఎందుకు పెట్టుకున్నావంటే, "లేకపోతే బేరం పక్క బుట్టకు పోతుంది కదమ్మా" అంది.

ఇప్పుడు చెప్పు, నీ ఫారంలో ఈమె ఏ గడిలో పడుతుంది? డిజిటల్ చెల్లింపు తీసుకుంటుందా అంటే తీసుకుంటుంది. రోజూనా అంటే రోజూనే. 'పూర్తిగా అంగీకరిస్తాను'లో పడిపోతుంది. కానీ యాప్ తెరిచిందీ లేదు, పిన్ను కొట్టిందీ లేదు, పగలంతా చేసిన వ్యాపారం కంటికి కనిపించిందీ లేదు. కొడుకు మంచివాడు కాబట్టి అడిగినప్పుడు పంపిస్తాడు. అందరి కొడుకులూ అలాగే ఉంటారని నేను చెప్పలేను.

మన దగ్గర సేవను వాడేది ఒకరు, ఫోన్ ఒకరిది, ఖాతా ఇంకొకరిది. ప్రభుత్వ సేవల్లోనూ అంతే. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్‌లో 'మన మిత్ర' మొదలుపెట్టింది, తొలి విడతలోనే 161 సేవలు. ఓ రైతు నెట్ సెంటర్‌కు పోయి, అక్కడి కుర్రాడి చేత దాంట్లో సర్టిఫికెట్ తీయించుకున్నాడనుకో. వాడినవాడు రైతా, కుర్రాడా? ఒక్కో మనిషినే విడిగా నిలబెట్టి 'నీకు సులువా, నీకు లాభమా' అని అడిగే ఏ నమూనాకూ ఇది అందదు.

గైడ్ సార్‌తో గొడవ పెట్టుకోకు. టామ్‌ను ఉండనీ, దానికి కొంత కలుపు. 2003లో విశ్వనాథ్ వెంకటేశ్, ఆయన సహచరులు ఇచ్చిన నమూనాలో మరో రెండు అంశాలున్నాయి: చుట్టూ ఉన్నవాళ్ల ఒత్తిడి, వాడటానికి కావలసిన వసతులు. ఇష్టపడి వాడుతున్నారా, తప్పక వాడుతున్నారా అన్న తేడాను కూడా పట్టించుకుంది. మన పూలామెకు ఈ మూడూ తగులుతాయి. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయినప్పుడు ఎంతమంది ఇష్టపడి ఫోన్ పట్టుకున్నారో గుర్తు చేసుకో. 2012లో అదే నమూనాను పెంచుతూ అలవాటును, ఖర్చుకు తగ్గ విలువను కూడా చేర్చారు. ఆ ప్రశ్నలు తీసుకో.

వాటికి నీ సొంత ప్రశ్నలు జతచెయ్యి. ఫోన్ ఎవరిది? పిన్ను ఎవరికి తెలుసు? డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? వాడతారా అని అడగొద్దు, "ఇప్పుడు వచ్చిపోయిన పది బేరాల్లో ఎన్ని ఫోన్లో, ఎన్ని నోట్లలో?" అని అడుగు. వాడాలనుకోవడం వేరు, వాడటం వేరు. మన పరిశోధనా పత్రాలు చాలావరకు మొదటిదాన్ని కొలిచి రెండోదాని గురించి రాసేస్తుంటాయి. కాగితం ఫారాలు పట్టుకుని ఏడు రోడ్ల దగ్గరికి, వై.వి. స్ట్రీట్‌కు పో. బేరాలు పలచబడిన వేళ చూసుకో. ప్రశ్న నువ్వే చదివి, జవాబు నువ్వే రాసుకో. యాభై మంది దొరికినా చాలు, ఆ వాట్సాప్ రెండు వందలను వాటి పక్కనే ఉంచి రెండిటికీ తేడా చూపించు. నీ ప్రాజెక్టులో పనికొచ్చే అధ్యాయం అదే అవుతుంది.

ప్రశ్న: కర్నూలు వన్‌టౌన్లో మా నాయన కాలం నుంచి కిరాణా అంగడి నడుపుతున్నాం. సర్వే అంటూ ఒక కాలేజీ అబ్బాయి వచ్చి అరగంట ప్రశ్నలడిగి, పోతూ పోతూ "మీరు చివరి పదహారు శాతంలో ఉన్నారు అంకుల్" అన్నాడు. స్కానర్ నా దగ్గరా ఉంది. కాకపోతే గల్లాపెట్టె వెనక పెట్టుకుని, అడిగితేనే తీస్తా. నేను అంత వెనకబడిపోయినానా?
— ఒక అంగడి యజమాని, కర్నూలు

జవాబు: ఆ అబ్బాయి పుస్తకం అప్పజెప్పాడు, మనసులో పెట్టుకోకండి అన్నా. 1962లో ఎవరెట్ రోజర్స్ అనే ఆయన, కొత్తదాన్ని అందుకునే వేగాన్ని బట్టి జనాన్ని ఐదు వరుసలుగా విడగొట్టాడు. మొదట రెండున్నర శాతం, తర్వాత పదమూడున్నర, ఆపైన ముప్పై నాలుగు, మళ్లీ ముప్పై నాలుగు, చిట్టచివర పదహారు. ఇది గంట ఆకారపు గీతను సగటు నుంచి ఇంతింత దూరంలో కోస్తే వచ్చిన లెక్క. క్లాసులో అందరూ పాసైనా చివరి ర్యాంకు ఎవరో ఒకరికి రాక తప్పనట్టు, ఎంత మంచి ఊళ్లోనైనా చివరి పదహారు శాతం ఉండే తీరతారు.

ఈ లెక్కలకు మూలం వ్యవసాయంలో ఉంది. అమెరికాలోని అయోవాలో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం రైతుల్లో ఎలా పాకిందో 1943లో ఇద్దరు పరిశోధకులు రాశారు. 259 మందిలో ఇద్దరు తప్ప అందరూ 1928, 1941 మధ్య ఆ విత్తనానికి మారారు. విత్తనం ఉందని చెప్పింది కంపెనీ మనుషులైనా, వేసేలా చేసింది పక్క పొలం రైతేనట. ఆదోని పత్తి రైతును అడిగినా ఇదే చెబుతాడు.

రోజర్సే తన మీద తాను ఓ సంగతి చెప్పుకున్నాడు. తన సర్వేలో ఓ అయోవా రైతు రసాయనాలేవీ ముట్టనన్నాడు, వానపాములూ పిట్టలూ చస్తున్నాయని. అతన్ని చివరి వరుసలో వేశాడు. సేంద్రియ వ్యవసాయానికి గిరాకీ వచ్చిన తర్వాత చూస్తే, ఆ రైతు అందరికంటే ముందున్నాడు. కొత్తదేదైనా మంచిదే, వద్దన్నవాడిదే తప్పు అనుకునే జబ్బు మా రంగంలో ఉందని ఆయనే ఒప్పుకున్నాడు.

వద్దనడానికి కారణాలు వెతికినవాళ్లూ ఉన్నారు. 1989లో ఎస్. రామ్, జగదీశ్ సేథ్ కలిసి ఐదు అడ్డంకులు చెప్పారు: వాడకంలో ఇబ్బంది, విలువ చాలకపోవడం, నష్టభయం, పాత ఆనవాయితీ, ఆ వస్తువు మీద ఉన్న దురభిప్రాయం. మీది మూడోదని నా అనుమానం. 2020 జనవరి నుంచి మామూలు యూపీఐ చెల్లింపు మీద అంగడివాళ్లకు ఛార్జీ లేదు, అది మీకూ తెలుసు. 2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు పన్ను నోటీసులు వెళ్లాయి, బెంగళూరు అంగళ్లలో 'నగదు మాత్రమే' బోర్డులు లేచాయి. అదీ మీ చెవిన పడే ఉంటుంది. ఆ అబ్బాయి ఫారంలో దీని గురించి ప్రశ్న ఉందా? ఉండదు. ఉన్నా మీరు చెప్పరు, నాకు తెలుసు. అది వేరే కథ. పన్ను లెక్క మాత్రం ఊహల మీద వదలకుండా ఒకసారి ఆడిటర్‌కు చూపించుకోండి.

ప్రశ్న: మా అత్తగారికి అరవై ఎనిమిదేళ్లు. స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాం, యూట్యూబ్ బాగా చూస్తారు. యూపీఐ మాట ఎత్తితే చాలు టెన్షన్ పడిపోతారు. పక్కింటివాళ్లు ఎవరో ఫోన్ చేస్తే నమ్మి డబ్బు పోగొట్టుకున్నారు, అప్పటి నుంచి మరీ ఎక్కువైంది. ఎలా నేర్పించాలి?
— ఒక గృహిణి, తాడిపత్రి

జవాబు: నేర్పించాలని మీకుందా, ఆవిడకుందా అమ్మా? ముందు అది చూసుకోండి. ఆవిడకు పెన్షన్ వస్తుంటే, ఆ నాలుగు వేలూ ఒకటో తేదీన ఇంటికే వచ్చి నోట్లుగా ఇచ్చిపోతున్నారు. పాలు, కూరగాయలు వీధిలోకే వస్తాయి. యూట్యూబ్‌లో ఆవిడకు కావలసింది దొరుకుతోంది, యూపీఐలో ఇంకా ఏమీ దొరకలేదు.

భయం కూడా తెలివితక్కువతనమేమీ కాదు. వినియోగదారుడు చూసే నష్టభయం గురించి రేమండ్ బావర్ 1960లోనే రాశాడు. మోసం జరిగే అవకాశం ఎంత అన్నది ఒకటి, జరిగితే ఎంత దెబ్బ అన్నది ఇంకొకటి. మీకు రెండు వేలు పోతే ఆ నెల చిరాకు. ఆవిడకు అది సగం పెన్షన్.

నిజంగా కావాలనుకుంటే మాత్రం పెద్ద డబ్బున్న ఖాతాను యాప్‌కు కలపొద్దు. వేరే ఖాతాలో ఐదారు వందలు ఉంచి దాన్నే కలపండి. డబ్బు రావడానికి పిన్ను ఎప్పుడూ అక్కర్లేదని, ఎవరైనా 'డబ్బు వేస్తాం, పిన్ను కొట్టండి' అంటే ఫోన్ పెట్టేయాలని చెప్పండి. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా చేయాల్సిన నంబరు 1930, గోడ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టండి. పిన్ను ఆవిడే పెట్టుకోవాలి. అది మీకు, మీ ఆయనకు తెలియనక్కర్లేదు.

ప్రశ్న: ఈ సర్వేల్లో ఒకే ప్రశ్నను నాలుగు రకాలుగా ఎందుకు అడుగుతారు మేడమ్? మాకేం పనీపాటా లేదా?
— ఒక బ్యాంకు ఉద్యోగి, నంద్యాల

జవాబు: మీరు చదివి జవాబిస్తున్నారా, ఊరికే టిక్కు పెడుతున్నారా అని చూడటానికి అది కొంత పనికొస్తుంది. ఆ నాలుగూ ఒకే సంగతిని కొలుస్తున్నాయా అన్నది అసలు కారణం. అది చూడటానికి 1951లో క్రోన్‌బాక్ అనే ఆయన ఇచ్చిన ఆల్ఫా అనే లెక్క ఉంది. అది 0.7 దాటితే విద్యార్థి గుండె కుదుటపడుతుంది, గైడ్ సంతకం పెడతాడు. ఇందులో ఓ తమాషా ఉంది. అన్నిటికీ కళ్లు మూసుకుని ఒకరు ఐదు, ఇంకొకరు మూడు పెట్టుకుంటూ పోయినా ఆల్ఫా దివ్యంగా వస్తుంది. కాబట్టి విసుగొస్తే మధ్యలో ఆపేసి "ఇక చాలు బాబూ" అనండి, ఆ హక్కు మీకుంది. టిక్కులు మాత్రం ఊరికే పెట్టకండి.